చుట్ట రుచి, సిగారు రుచి

(మన సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షను, కరువు భత్యం, వైద్య ఖర్చుల రీయింబర్సుమెంటు – ఈ మూడింటి ప్రస్తావన లేకుండా మన సమావేశం ఏనాడూ ముగియలేదు. ఈ నెల వాటికి కాస్త విశ్రాంతి ఇచ్చి మరో విషయం మాట్లాడమని కార్యదర్శిగారు ఆదేశించారు. దానికి కారణం ఉంది. మనలో చాలామంది పిల్లలు విదేశాల్లో స్థిరపడ్డారు. వచ్చేటప్పుడు నాన్నగారికి ఏదో ఒకటి తేవాలని వారికి ఆశ. మునుపు ఫౌంటెన్ పెన్నులు, చేతి గడియారాలు తెచ్చేవారు. ఈమధ్య ఇద్దరు ముగ్గురు మిత్రుల ఇళ్ళలో చక్కటి చెక్కపెట్టెల్లో సిగార్లు దర్శనమిచ్చాయి. "మీరు ఎక్సైజులో పొగాకు చూసినవారు కదా, వీటిని ఎలా కాల్చాలో చెప్పండి" అని ఒకరు అడిగారు. "పొగ లోపలికి పీల్చరట కదా, అందువల్ల ప్రమాదం లేదట, నిజమేనా?" అని మరొకరు అడిగారు. మొదటిది రుచికి సంబంధించిన ప్రశ్న, రెండోది ప్రాణానికి సంబంధించినది. రెండింటికీ నాకు తెలిసినంతలో జవాబు మనవి చేసుకుంటాను.

నేను 1971లో కేంద్ర ఎక్సైజు శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేరాను. ఆ రోజుల్లో పొగాకు అంటే మా శాఖకు అన్నం పెట్టిన ఆకు. 1943లో మన దేశంలో పొగాకు మీద ఎక్సైజు సుంకం వేశారు. రైతు పండించిన ఆకు గోదాముకు చేరేదాకా, గోదాము నుంచి కదిలేదాకా ప్రతి బేలుకూ లెక్క ఉండాలి. 1979 బడ్జెట్లో ఆకు మీద ఆ సుంకం తీసివేసేదాకా మా బతుకంతా పొలాల్లో, బ్యారన్ల దగ్గర, గోదాముల్లో గడిచింది. సిగరెట్టు ఆకు ఏది, చుట్ట ఆకు ఏది, బీడీ ఆకు ఏది అన్నది కాగితం చూసి కాదు, ముక్కుతో తేల్చవలసి వచ్చేది. ఎనిమిదేళ్ళు ఆ పని చేసినవాడికి ఆకు వాసన జన్మలో మరపు రాదు.

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పండేది ఎక్కువగా వర్జీనియా. దాన్ని బ్యారన్లో గొట్టాల వేడి మీద ఆరబెడతారు. ఆకు బంగారు రంగుకు తిరుగుతుంది, అందులోని చక్కెర అందులోనే నిలిచిపోతుంది. అది సిగరెట్టుకు పోతుంది. గోదావరి లంకల్లో పండేది వేరే జాతి. వరద తీసి, ఒండ్రు మేట వేసిన తరువాత ఆ మట్టిలో పొగాకు నాటుతారు. ఆ ఆకు దళసరి, ముదురు రంగు, ఘాటు ఎక్కువ. దాన్ని నిప్పు వేడి మీద కాక గాలికి నెమ్మదిగా ఆరనిచ్చి, గుట్టగా వేసి మగ్గనిస్తారు. అదే మన లంక పొగాకు. లంక చుట్ట పేరు చెబితే మా ముందు తరం పెద్దల మొహాలు వెలిగిపోయేవి.

ఈ చుట్ట మన సాహిత్యంలోకీ ఎక్కింది. గురజాడవారి 'కన్యాశుల్కం' మొదటి కూర్పు 1897లో వచ్చింది. అందులో గిరీశం శిష్యుడికి చదువు చెప్పాడో లేదో గాని, చుట్ట మహిమ మాత్రం దిట్టంగా బోధించాడు. ఇంగ్లీషువారు 'చెరూట్' అనే మాట తమిళ 'సురుట్టు' నుంచి తీసుకున్నారు. సురుట్టు అన్నా చుట్ట అన్నా చుట్టినదనే అర్థం. చెన్నపట్నం స్పెన్సర్ కంపెనీవారు దిండిగల్లులో చుట్టలు చేయించి సీమకు కూడా పంపేవారు. 1887లో వచ్చిన మొదటి షెర్లాక్ హోమ్స్ నవలలో ఆ డిటెక్టివు గదిలో పడి ఉన్న బూడిద చూసి హంతకుడు తాగింది తిరుచినాపల్లి చుట్ట అని కనిపెడతాడు. కాబట్టి సిగారు ఏదో దొరల వస్తువనీ, చుట్ట మన నాటు వస్తువనీ తేడా చేయనక్కరలేదు. రెండూ ఒక కడుపున పుట్టిన అన్నదమ్ములే. పెరిగిన ఇళ్ళు వేరు.

ఇక సిగారు సంగతి. 1492లో కొలంబస్ మనుషులు క్యూబా దీవిలో అడుగు పెట్టినప్పుడు అక్కడివారు ఆకులు చుట్టి పొగ తాగుతూ కనిపించారు. ఈనాటికీ ఆ దీవి పడమటి కొసన పినార్ దెల్ రియో ప్రాంతంలో, వుయెల్తా అబాహో అనే నేల మీద పండే ఆకును సిగారుకు శ్రేష్ఠమంటారు. మన లంక రైతు ఒండ్రు మట్టి గురించి ఎలా చెప్పుకుంటాడో అక్కడి రైతు తన ఎర్రమట్టి గురించి అలాగే చెప్పుకుంటాడు.

మేలు రకం సిగారులో కాగితం ఉండదు, అత్తరు ఉండదు, తరుగు పొగాకు ఉండదు. మొత్తం ఆకే. దానికి మూడు భాగాలు. లోపల నిలువుగా మడిచి పెట్టిన కూర ఆకు, దాన్ని పట్టి ఉంచే కట్టు ఆకు, అన్నిటికీ పైన పట్టుగుడ్డలాంటి పై ఆకు. పై ఆకు కోసం మొక్కలను పలచని గుడ్డ పందిళ్ళ కింద నీడలో పెంచుతారు. ఎండ తగిలితే ఆకు దళసరి అవుతుంది, ఈనెలు లేస్తాయి. లోపలి ఆకుకు మాత్రం ఎండ కావాలి. అందులోనూ మొక్క అడుగు ఆకుకు ఘాటు తక్కువ, బాగా అంటుకుంటుంది. నడిమి ఆకుకు వాసన ఎక్కువ. తలాకుకు బలం ఎక్కువ, నిదానంగా కాలుతుంది. ఈ మూడింటిని ఏ పాళ్ళలో కలిపారన్న దాని మీదే సిగారు రుచి ఆధారపడుతుంది. నిదానంగా కాలే తలాకును నడిమధ్యన పెడతారు. చుట్టూ ఉన్నవి త్వరగా కాలుతుంటే అది సమంగా నిలబడుతుంది. మన ఇళ్ళలో సాంబారు పొడికి ధనియాలు, మిరప, మెంతులు ఏ పాళ్ళలో వేయాలో అమ్మమ్మ చేతికి తెలిసినట్టే ఈ పాళ్ళు అక్కడి పెద్దల చేతికి తెలుసు.

ఆరిన ఆకును గుట్టలు వేసి పులియబెడతారు. గుట్ట లోపల వేడి పుడుతుంది. మితి మీరకుండా విప్పి, తిరగవేసి, మళ్ళీ పేరుస్తారు. ఆ వేడికి ఆకులోని ఘాటైన అమ్మోనియా బయటికి పోతుంది. ఒకసారి కాదు, అవసరాన్ని బట్టి రెండు మూడుసార్లు. గోదాము తలుపు తీయగానే కళ్ళ వెంట నీళ్ళు తెప్పించే ఆ వాసన మా శాఖవారికి కొత్త కాదు. మన మండె, వారి గుట్ట – సూత్రం ఒకటే.

చుట్టే పనివారి గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. 1865 నుంచి హవానా సిగార్ల ఫ్యాక్టరీల్లో ఒక అపురూపమైన ఆచారం మొదలైంది. పనివారు చుడుతూ ఉంటే ఒకాయన ఎత్తయిన పీట మీద కూర్చుని వారికి బిగ్గరగా చదివి వినిపిస్తాడు. పొద్దున వార్తాపత్రిక, తరువాత నవల. ఆయన జీతం తొలిరోజుల్లో పనివారే తమ కూలిలోంచి చందా వేసుకుని ఇచ్చేవారు. అక్షరం రాని మనిషి కూడా అలా విని విని పెద్ద పెద్ద నవలలు ఎరిగినవాడయ్యాడు. 1935లో మొదలైన మాంటెక్రిస్టో అనే ప్రసిద్ధమైన సిగారుకు ఆ పేరు అలా విన్న డ్యూమా నవల నుంచే వచ్చిందని చెబుతారు.

2012లో మా అమ్మాయి ఉన్న ఫ్లోరిడా రాష్ట్రం టాంపా నగరానికి వెళ్ళాను. అక్కడ ఈబర్ సిటీ అనే పేట ఉంది. 1885 ప్రాంతంలో ఈబర్ అనే ఆయన సిగార్ల ఫ్యాక్టరీ పెట్టడానికి కట్టించిన ఊరు అది. క్యూబా నుంచి, స్పెయిన్ నుంచి వేలమంది పనివారు వచ్చి స్థిరపడ్డారు. అక్కడా చదివి వినిపించేవారు ఉండేవారు. వారు చదివేది తమకు గిట్టక 1931లో యజమానులు ఆ ఆచారం మాన్పించారు. పనివారు సమ్మె కట్టారు. మనం సంఘాలు పెట్టుకుని పోరాడినవాళ్ళం కనుక ఆ బాధ మనకు అర్థమవుతుంది. కూలి పెంచమని చేసిన సమ్మెలు విన్నాం గాని, పుస్తకం చదవనివ్వమని చేసిన సమ్మె నేను అక్కడే విన్నాను.

ఆ పేటలో ఒక దుకాణంలో ముసలాయన చుడుతూ కనిపించాడు. అడ్డంగా పట్టుకునే పిడిలేని కత్తి, చెక్కపలక, జిగురు గిన్నె – అంతే పనిముట్లు. నేను పొగాకు శాఖవాణ్ణని మా అల్లుడు చెప్పగానే ఒక ఆకు నా చేతికిచ్చాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ముప్ఫై ఏళ్ళ కిందటి గోదాము గుర్తుకొచ్చింది. ఆయన భాష నాకు రాదు, నా భాష ఆయనకు రాదు, ఆకు భాష ఇద్దరికీ వచ్చు. ఒక సిగారు కాల్చి చూడమన్నాడు. 1962 నుంచి అమెరికాలో క్యూబా సరుకు మీద నిషేధం ఉంది కనుక అది నికరాగువా ఆకు. క్యూబా నుంచి వెళ్ళిన రైతులు, పనివారు నికరాగువా, డొమినికన్ రిపబ్లిక్, హోండురాస్ దేశాల్లో ఈ విద్యను నిలబెట్టారు.

అయిదంగుళాల పొడవు, ముప్పావు అంగుళం పైచిలుకు లావు. సిగారు లావును అంగుళంలో 64వ వంతుల్లో లెక్కపెడతారు. నాకిచ్చింది 50 నంబరు. వేళ్ళ మధ్య నొక్కితే మెత్తగా వెనక్కి లేచింది. పెళుసుగా చిటపటలాడితే ఎండిపోయిందని అర్థం. అందుకే వాటిని సీడార్ చెక్కపెట్టెలో 65 నుంచి 70 శాతం తేమలో ఉంచుతారు. తల వైపు టోపీని కొద్దిగా, రెండు మిల్లీమీటర్ల మేర కోశాడు. వెలిగించే ముందు ఒట్టిగా పీల్చి చూడమన్నాడు. ఎండుగడ్డి, ఎండుద్రాక్ష కలిసిన రుచి. పెట్రోలు లైటరు వాడకూడదు, ఆ కంపు ఆకుకు పడుతుంది. పొడవాటి అగ్గిపుల్లతో, మంట తాకీ తాకకుండా, కొసను తిప్పుతూ కాచాలి. అప్పడం కాల్చినంత ఓపిక కావాలి.

నిమిషానికి ఒక్క దమ్ము, అంతకు మించకూడదు. తొందరపడితే వేడెక్కి చేదెక్కుతుంది. పొగను నోట్లో ఉంచుకుని, నాలుక మీద తిప్పి వదిలేయాలి. మొదటి మూడో వంతులో మిరియాల ఘాటు, కాలిన చెక్క వాసన. నడిమి భాగంలో ఘాటు తగ్గి, పాలు పోయని ఫిల్టరు కాఫీ, వేయించిన జీడిపప్పు గుర్తుకు వచ్చాయి. అక్కడక్కడ తొలకరికి తడిసిన మట్టివాసన. ఆఖరి భాగంలో ఆకు బలం బయటపడింది, తోలు చెప్పుల దుకాణంలో అడుగుపెట్టినట్టు. బూడిద తెల్లగా, గట్టిగా, అంగుళం దాకా రాలకుండా నిలిచింది. అది పొడుగాకు కూరిన సిగారుకు గుర్తు. చివర నలిపి ఆర్పకూడదు. పక్కన పెడితే దానంతట అదే ఆరుతుంది. మొత్తం ఒక గంట పట్టింది. బాగుందా అంటే బాగుంది. అబద్ధమెందుకు ఆడాలి? రుచి లేని వస్తువైతే ప్రపంచం అయిదు వందల ఏళ్ళుగా దాని వెంటపడేదే కాదు.

అయితే కుర్చీలోంచి లేవబోతే తల తిరిగింది. అరచేతుల్లో చెమట పట్టింది. నేను ఒక్క దమ్ము కూడా గుండెల్లోకి పీల్చలేదు. మరి ఆ నికోటిను నాలోకి ఎలా పోయింది? రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది.

ఇందాక వర్జీనియా ఆకులో చక్కెర నిలిచిపోతుందన్నాను. ఆ చక్కెర వల్ల సిగరెట్టు పొగకు ఆమ్ల గుణం ఉంటుంది. ఆ పొగలోని నికోటిను నోటి చర్మంలోంచి సరిగా ఇంకదు, ఊపిరితిత్తుల్లోకి పీలిస్తేనే పనిచేస్తుంది. గాలికి ఆరబెట్టి పులియబెట్టిన చుట్ట ఆకులో, సిగారు ఆకులో చక్కెర ఉండదు. ఆ పొగకు క్షార గుణం. అందులోని నికోటిను పెదవుల లోపలి నుంచి, బుగ్గల నుంచి, నాలుక కింది నుంచి నేరుగా రక్తంలోకి దిగిపోతుంది. అంటే సిగారు పీల్చకపోవడం సిగారు తాగేవాడి జాగ్రత్త కాదు, ఆ ఆకు స్వభావం. పీల్చవలసిన అవసరమే దానికి లేదు.

అమెరికా జాతీయ క్యాన్సరు సంస్థ 1998లో సిగార్ల మీద ఒక పెద్ద నివేదిక వెలువరించింది. ఒక పెద్ద సిగారులో 5 నుంచి 17 గ్రాముల దాకా పొగాకు ఉంటుంది. సిగరెట్టులో ఒక గ్రాము కూడా ఉండదు. కొన్ని సిగార్లలో ఒక్కదానిలోనే సిగరెట్టు పెట్టె మొత్తానికి సరిపడా పొగాకు ఉంటుందన్నమాట. లోపలికి పీల్చనివారికి ఊపిరితిత్తుల క్యాన్సరు ప్రమాదం సిగరెట్టు తాగేవారికంటే తక్కువే. కాని ఏమీ తాగనివారికంటే ఎక్కువ. నోరు, గొంతు, అన్నవాహిక క్యాన్సర్ల విషయంలో మాత్రం రోజూ సిగారు తాగేవారికీ సిగరెట్టు తాగేవారికీ పెద్ద తేడా లేదు. పొగ ఎక్కడ నిలబడితే అక్కడ దెబ్బ తీస్తుంది.

ఇది తెలుసుకోవడానికి అమెరికా దాకా వెళ్ళనక్కరలేదు. నేను పుట్టింది శ్రీకాకుళం తీరంలో. మా వైపు ఆడవారు చుట్టను తిరగేసి, నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని తాగేవారు. దాన్ని అడ్డపొగ అంటాం. మా మేనత్త పొద్దున చేనుకు బయలుదేరినప్పుడు నోట్లో పెట్టుకున్న చుట్ట ఊడ్పు వరస ముగిసేదాకా తీసేది కాదు. "ఎందుకత్తా నిప్పు లోపలెట్టుకుంటావు?" అని చిన్నప్పుడు అడిగితే, "గాలికి సుట్ట ఆరిపోదేటిరా? సంటిబిడ్డ మీద నుసి రాలిపోదేటి?" అని నవ్వేది. మా నాయనమ్మా అంతే, వాళ్ళమ్మా అంతే. ఎవరికీ అది దురలవాటు అనిపించలేదు.

అలా తాగినప్పుడు నోటి లోపలి గాలి వేడి 120 డిగ్రీల దాకా పోతుందని కొలిచినవారు రాశారు. ఆ వేడి, ఆ పొగ నేరుగా తగిలేది అంగిలికి. మా అత్త అంగిలి మొదట తెల్లబారింది. తరువాత చిన్న చిన్న ఎర్రటి చుక్కలు లేచాయి. నొప్పి లేదు. నొప్పి లేనిదాన్ని రోగమని ఎవరనుకుంటారు? కారం తగిలితే మంట అని ఆవిడ పచ్చడి మానేసింది గాని చుట్ట మానలేదు. పుండు పడ్డ తరువాత పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళాం. అప్పటికి ఎముక దాకా పోయింది. ఆఖరి నాలుగు నెలలు గంజి కూడా ముక్కులోంచి వచ్చేది. పొలం పాటలు పాడిన గొంతు, మాట పోల్చుకోలేనంతగా మారిపోయింది. ఆవిడ పోయేనాటికి యాభై ఆరేళ్ళు.

మా అత్త ఒక్కతే కాదు. 1971లో అచ్చయిన ఒక పరిశోధన కోసం మన రాష్ట్రంలో 10,169 మంది గ్రామీణుల నోళ్ళు పరీక్షించి చూశారు. అడ్డపొగ తాగేవారి అంగిళ్ళలో మార్పులు అంత స్పష్టంగా కనిపించిన చోటు ప్రపంచంలో తక్కువ. విశాఖపట్నం వైద్యులు కూడా అంగిలి క్యాన్సరుకూ అడ్డపొగకూ ఉన్న సంబంధాన్ని వెల్లడించారు. ఇందులో ఆశ కలిగించే సంగతి కూడా ఉంది. శ్రీకాకుళం, కేరళలో ఎర్ణాకుళం, గుజరాత్‌లో భావ్‌నగర్ జిల్లాల్లో 36 వేల మంది పొగాకు అలవాటున్నవారిని ఏటేటా కలిసి, నోరు పరీక్షించి, ఓపికగా నచ్చజెప్పారు. 1986లో ఆ ఫలితాలు ప్రకటించారు. చెప్పగా చెప్పగా మానినవారు, తగ్గించినవారు పెరిగారు. నోట్లో తెల్లమచ్చలు కొత్తగా రావడం తగ్గింది. తిట్టి కాదు, భయపెట్టి కాదు, ఏటేటా వెళ్ళి పలకరించి సాధించిన ఫలితం అది.

కాబట్టి మిత్రులారా, అలవాటు లేనివారు అల్లుడు తెచ్చాడనో అబ్బాయి పంపాడనో అరవై దాటాక ఈ విద్య నేర్చుకోవద్దు. ఆ పెట్టె చాలా మంచి సీడార్ చెక్క. పెన్షను కాగితాలు పెట్టుకోవడానికి భేషుగ్గా పనికొస్తుంది. నేను ఆ గంటసేపు రుచి చూశాను, ఆకును గౌరవించాను, అక్కడితో సరి. రెండోది ముట్టుకోలేదు. మా అత్త అంగిలి చూసినవాణ్ణి, ముట్టుకోలేను.

అలవాటు ఉన్నవారిని ఈ వేదిక మీద నుంచి నిందించే హక్కు నాకు లేదు. ఒక్కటే కోరుతున్నాను. ఇంటికి వెళ్ళి అద్దం ముందు నిలబడి, టార్చిలైటు వేసి నోరు పూర్తిగా తెరిచి చూసుకోండి. అంగిలి, బుగ్గల లోపలి వైపు, నాలుక పక్కలు, నాలుక కింద. తెల్లమచ్చ గాని, ఎర్రమచ్చ గాని, రెండు వారాలైనా మానని పుండు గాని కనిపిస్తే, నొప్పి లేదు కదా అని ఊరుకోకండి. మరునాడే దంతవైద్యుడికి చూపించండి. కట్టుడు పళ్ళవారు పళ్ళసెట్టు తీసి చూసుకోవాలి, దాని కింద ఏముందో పైకి తెలియదు. అప్పుడే చూపిస్తే చాలావరకు నయమవుతుంది.

మన సంఘం ఏటా రక్తపోటుకూ మధుమేహానికీ శిబిరం పెడుతోంది. ఈ ఏడు ఒక దంతవైద్యుణ్ణి కూడా పిలిపించి సభ్యులందరి నోళ్ళూ పరీక్ష చేయించమని కార్యవర్గానికి నా విన్నపం. సోదరీమణులను ముందు వరసలో కూర్చోబెట్టండి. మన ఇళ్ళలో చుట్ట తాగిన ఆడవారి నోరు ఎవరూ చూడలేదు, చూపించమని ఎవరూ అడగలేదు. పల్లెల్లో ఇంకా ఉన్న అక్కలను, అత్తలను కూడా ఆ రోజు వెంటబెట్టుకు రండి. రానుపోను బస్సు ఛార్జీల కోసం నా వంతుగా రెండు వేల రూపాయలు కార్యదర్శిగారికి ఇప్పుడే అందజేస్తున్నాను.